పిలిస్తే నేను లేవకపోవడానికి కారణం

నా పేరు రామ్‌సామి. తండ్రి పేరు అప్పల్‌సామి. వయసు యాభై నాలుగు. ఆస్ట్రేలియాలో టూవూంబా ఊళ్లో ఒక ఆసుపత్రి వంటగదిలో పని. పుట్టింది ఫిజీలో, రాకిరాకి దగ్గర చెరకు పొలాల్లో. నా పేరు మీద మీ వలసల ఆఫీసుకు అనుమానం వచ్చింది గనక మళ్లీ చెబుతున్నాను, నా పేరు రామ్‌సామే. నేను తెలుగులో చెబుతుంటే మా ఆసుపత్రి నర్సు మరియరాణి రాస్తోంది.

1987లో ఫిజీలో సైన్యం గద్దెనెక్కిన గొడవల తరవాత ఇక్కడికి వచ్చాను. ఇక్కడ ఉండటానికి నాకు అనుమతి ఉంది. నా భార్య బిమల పోయినేడాది వచ్చింది. నా భార్యేనని రుజువైతేనే ఆమెను ఉండనిస్తారు. మా పెళ్లి కాగితం తుపానులో పోయింది. మిగిలింది మా దేశపు కాన్సులేట్ నాకిచ్చిన గుర్తింపు కార్డు. అందులో నా ఫొటో, నా పేరు, కింద భార్య బిమల అని ఉంటాయి.

జూన్‌లో మీ ఆఫీసరు ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, కార్డు మీద నా పేరును బొటనవేలితో మూసి, ఇతని పేరేమిటని అడిగాడు. "వేలు తీసి చదువుకోండి," అందట బిమల. మావాళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. అలా అంటే అతని ఆయుష్షు తగ్గుతుందని భయం. పచ్చిమిరపకాయ లేనిదే నాకు ముద్ద దిగదని చెప్పింది. చెరకు కత్తితో తెగిన మచ్చ ఏ కాలి మీదుందో చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు. భర్త పేరు తెలియదు, పెళ్లి అనుమానమే అని ఆయన రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక నేను కోప్పడ్డాను. "ఒక్కసారి అనేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"నువ్వు పోతే నా సొమ్ము పోదా?" అంది.

పిల్లలుంటే ఫలానావాడి నాన్నా అని పిలిచేదేమో. మాకు లేరు. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు నేను "ఇదిగో"నే. పొలంలో అంతమంది మధ్య "ఇదిగో" అన్నా నన్నేనని తెలిసేది.

ఈ రోజు, 1990 ఆగస్టు 14, ఉదయం పదింటికి మళ్లీ రమ్మన్నారు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. పేరు పెట్టి పిలవకపోతే వెనక్కి పంపాల్సి వస్తుందని ఆఫీసరు లోపల ఆమెతో అన్నాడట. బిమల తలుపు దగ్గరికొచ్చి "రామ్‌సామీ" అంది. నేను లేవలేదు. పక్కన ఇంకెవరో రామ్‌సామి ఉన్నాడనుకుని అటూ ఇటూ చూశాను. మళ్లీ పిలిచింది. మళ్లీ చూశాను. చివరికి వచ్చి నా భుజం కుదిపి, "నిన్నేనయ్యా, లెగు," అంది. నేను పలకలేదు గనక అసలది నా పేరే కాదేమోనని ఆఫీసరుకి కొత్త అనుమానం పట్టుకుంది. అందుకే ఈ వాంగ్మూలం.

అయ్యా, ఆ పేరుతో మా అమ్మ పిలిచింది, మేస్త్రీ పిలిచాడు, వంటగదిలో అందరూ పిలుస్తారు. ఆ గొంతులో మాత్రం నేనెప్పుడూ వినలేదు. ఎలా లేస్తాను? లేచాక ఏడుపొచ్చింది. "అంకుల్, ఇది కూడా రాయమంటారా?" అని మరియరాణి అడుగుతోంది. రాయమ్మా.

నా పేరు నోటితో అంటే నేను చస్తానని నమ్మే మనిషి, నా దగ్గర ఉండటం కోసం రెండుసార్లు అంది. ఇంతకన్నా పెద్ద పెళ్లి కాగితం నేను తేలేను. మూడోసారి అనమని మాత్రం అడగకండి.

ఇది నాకు చదివి వినిపించారు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

(సంతకం)
బిమల భర్త