ఖల్లివల్లి

అరబ్బు దేశంలో, అర్దియా అనే పేటలో ఒక విల్లా పై అంతస్తు. పొద్దున పదకొండు. చిట్టెమ్మ నడిపే బేబీ సిట్టింగ్. పాపని చేర్చడానికి వచ్చిన సత్యదుర్గ, అక్కడ పిల్లల్ని చూసే వెంకటేశ్వరి మాట్లాడుకుంటున్నారు. చిట్టెమ్మ పాల కోసం కిందికి వెళ్ళింది.

"అది కాదక్కా, నేనడిగింది వేరు. పిల్లలు ఎంతసేపు పడుకుంటారని కాదు. ఎలా పడుకుంటారని."

"ఎట్ల పండుకుంటార్మా, కండ్లు మూసుకోని పండుకుంటారు."

"నవ్వించకండి. పదకొండు మంది పిల్లలు. పన్నెండు కొట్టేసరికి అందరూ ఒక్కసారే పడుకుండిపోతారంట. మా ఇంట్లో ఉన్నది ఒక్కత్తి. దాన్ని నిద్రపుచ్చేసరికి నాకు తల ప్రాణం తోకకొస్తోంది."

"అలవాటైపోతాదిమా. పసిబిడ్డలు గదా."

"దగ్గు మందు పోస్తారా?"

"ఎవురు చెప్పినార్మా?"

"ఎవరూ చెప్పలేదు. అదిగో, కిటికీలో సీసా ఉంది. ఇక్కడ ఒక్కళ్ళకి కూడా దగ్గు లేదు."

"ఆ సీసా చిట్టెమ్మక్కది."

"పిన్నిగారికి దగ్గా?"

"లేదుమా. నన్నడగాకు. ఆయమ్మ పైకొచ్చినాక ఆయమ్మనే అడుగు."

"ఆవిడ లేదనే కదా అడుగుతున్నాను. నా దగ్గర లిస్టుందక్కా, ఫోన్లో రాసుకున్నా. తిండి, నిద్ర, గాలి, వెలుతురు, అన్నీ. అన్నిటికన్నా పైన ఏం రాసుకున్నానో తెలుసా? పనిచేసేవాళ్ళని ఎలా చూస్తున్నారు అని. ఆయాని ఏడిపించే చోట పిల్ల నవ్వదండి. అది నా నమ్మకం."

"మంచి మాటేలేమా."

"మరి చెప్పండి. మీరు అన్నం ఎప్పుడు తింటారు?"

"పిల్లోల్లు తిన్నాక, మామా."

"అయ్యో, యజమానురాలిని పిలిచినట్టు నన్ను మామా అనకండి. చెల్లెల్ని అనుకోండి. పిల్లలు తిన్నాకంటే ఎన్నింటికి?"

"మిగిలితే అప్పుడే. మిగలకుంటే సాయంత్రం, అందరూ పోయినాక."

"సెలవు?"

"సెలవేందిమా?"

"శుక్రవారం పూట."

"శుక్రవారం ఈ ఇల్లంతా కడగల్ల. బొంతలు ఉతకల్ల."

"పడుకునేది ఎక్కడ?"

"ఈ చాపల మిందే. పిల్లోల్లవి."

"చూశారా, ఇదే! ఇదేనండీ బాబూ నాకు ఒళ్ళు మండేది. ఇంతకుముందు మా పాప జోషితని వేసిన చోట కూడా ఇంతే. అక్కడ శ్రీలంకావిడ ఉండేది, మాలిని అని. బంగారం లాంటి మనిషి. ఓనరమ్మ ఒకరోజు అందరి ముందూ ఆవిడ చెంప మీద కొట్టింది. నేను ఊరుకుంటానా? వీడియో తీసి మన తెలుగు తల్లుల గ్రూపులో పెట్టేశాను. వారం తిరక్కుండా ఆ చోటు మూయించేశారు."

"ఆమె ఏమాయ?"

"ఎవరు, ఓనరమ్మా?"

"మాలిని."

"ఆవిడకి కాగితాలు సరిగ్గా లేవంట. పంపేశారంట."

"యాడికి?"

"వాళ్ళ దేశమే అయ్యుంటుంది. కొన్నాళ్ళు లోపల ఉంచారన్నారు, నాకు సరిగ్గా తెలీదు."

"లోపలంటే జైల్లోనా?"

"అక్కా, అది కాదిక్కడ విషయం. తప్పు తప్పే కదా? ఎవరో ఒకరు అడగాలి కదా?"

"మమ్మల్ని గురించి యాడా అడగాకుమా. ఆ ఫోను సంచిలో పెట్టు."

"నేనేం వీడియో తియ్యట్లేదండీ!"

"పెట్టుమా, దండం పెడతా."

"ఇదిగో, పెట్టేశాను. చాలా? ఇంక అదంతా ఖల్లివల్లి."

"ఏందీ?"

"ఖల్లివల్లి అంటున్నా."

"ఎవురు చెప్పినార్మా నీకు? చిట్టెమ్మక్కేనా? ఎవురికీ చెప్పనని ఒట్టు పెట్టుకొనె గదమ్మా ఆయమ్మ! నేను దొంగతనం చేసి రాలేదుమా. ముబారక్ అల్ కబీర్‌లో, నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో పని చేస్తాంటి. రెండేండ్లని పిలిపిచ్చుకోని నాలుగేండ్లు పెట్టుకొనిరి. ఊరికి పోతానంటే పంపలా. మా నాయన సచ్చిపోతే గూడా పంపలా. ఒకరోజు చెత్త పారేసేదానికి బయటికొస్తి, ఆ చెత్త సంచి ఆడనే పెట్టి, నడిచేస్తి. అంతేమా నేను చేసింది."

"అక్కా, ఆగండి, ఆగండి. నేనన్నది మిమ్మల్ని కాదు. ఇంక వదిలెయ్యండి అన్నట్టు అన్నానంతే! మా ఆఫీసులో అందరూ అంటారు. ఫైలు దొరక్కపోతే ఖల్లివల్లి, లిఫ్టు రాకపోతే ఖల్లివల్లి."

"వదిలెయ్యమనా?"

"అంతే."

"మాకు ఆ మాటంటే అది కాదుమా. కఫీల్ ఇంట్లోంచి తప్పిచ్చుకోని, ఈడ ఉండేదానికి ఇఖామా కాగితం లేకుండా బతికేటోళ్ళని అంటారు. మా పేరే అది. అయ్యో తల్లీ, గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకున్నట్ల, నా నోటితో నేనే చెప్పుకుంటినే."

"నేనెవరికీ చెప్పను. నన్ను నమ్మండి. పాపని ఇటివ్వండి, ఇందాకట్నుంచీ మీరే ఎత్తుకున్నారు. అదేంటి, పడుకుందా?"

"ఎప్పుడో పండుకుండాది."

"మీ భుజం మీద? ఊరికే, అలా?"

"ఊరికేనేమా. నేను మందు ఎవురికీ పొయ్యను. ఆయమ్మ పొయ్యమంటాది. నేను ఆ మందు పారబోసి, సీసాలో బెల్లం నీళ్ళు నింపిపెట్టినా. అదే తలా ఇంత పోసి, ఒక్కో బిడ్డనీ ఎత్తుకోని తిప్పి పండేస్తా. ఆయమ్మకు తెల్దు."

"పదకొండు మందినీ?"

"ఇంగేం చేసేదిమా. దగ్గు లేని బిడ్డకు దగ్గు మందేంది."

"అక్కా, నాకు ఏడుపొచ్చేస్తోంది. ఆర్నెల్ల నుంచి వెతుకుతున్నానండి ఇలాంటి మనిషి కోసం."

"అమ్మా, నువ్వు మంచిదానివి. కనపడతానే ఉంది. నాకొక్క సాయం చెయ్యి."

"చెప్పండి."

"సర్కారోళ్ళు మాఫీ ఇచ్చినారు గదా, కాగితాల్లేనోళ్ళు జరిమానా లేకుండా ఊరికి పోవచ్చునని. ఈ గురువారంతో ఆఖరంట. రేప్పొద్దున నన్ను నీ కార్లో మన ఎంబసీ కాడ ఇడిసిపెట్టు. అంతే. ఆడినుంచి నేను చూసుకుంటా."

"చిట్టెమ్మ పిన్నిగారిని అడగకపోయారా?"

"అడిగినా. నువ్వు పోతే ఈ బిడ్డల్ని ఎవురే చూసేది, ఇంకో మాఫీ వస్తాదిలే అనె. ఆ పొద్దు నుంచి బయట తాళం ఏసుకోని పోతాంది."

"తాళమా? ఇప్పుడు కూడానా? మనల్ని లోపల పెట్టి తాళమేసుకుని వెళ్ళిందా?"

"నిన్ను గాదులేమా. నన్ను."

"ఎంత ఘోరమండీ! ఇది మనుషులు చేసే పనేనా?"

"అందుకే నువ్వు రావల్ల. పొద్దున్నే బిడ్డల్ని ఇడిసేటప్పుడు తలుపు తెరిసే ఉంటాది. పాపకు ఈ చోటు అలవాటు చేసేదానికి వచ్చినట్ల రా. నీ ఎనకాలే దిగిపోతా. నా కూతురికి తొమ్మిదో నెల పడిందిమా. తొలి కాన్పు. రాయచోటి కాడ పల్లె మాది. పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు లేదు, కాన్పుకు యాడికి తోలేదని అత్తోళ్ళు దెప్పుతాండారు. నువ్వొస్తేనే ఆస్పత్రికి పోతానమ్మా అని ఫోన్లో ఏడుస్తాది. నేను పోయి దానికి నీళ్ళు పొయ్యల్ల, ఆ బిడ్డను చేతిలోకి తీసుకోవల్ల. గురువారం దాటితే, ఇంగ పట్టుబడేదాకా నాకు ఈ గదే."

"ఎందుకు తీసుకెళ్ళను? తప్పకుండా తీసుకెళ్తాను."

"సల్లగుండు తల్లీ."

"రేపు బుధవారం కదా. ఆదివారం నుంచి నాకు ఆఫీసు."

"రేపు రామ్మా. ఏడింటికి."

"వస్తాను. వస్తాను గానీ, మీరెళ్ళిపోతే ఇక్కడ ఎవరు చూస్తారు?"

"ఎవురినో తెస్తాదిలేమా."

"ఎవరినో అంటే?"

"నాట్లా ఇంకొకరు."

"వాళ్ళు సీసాలో బెల్లం నీళ్ళు నింపుతారా?"

"నాకేం తెలుసుమా."

"లేదు, అడుగుతున్నాను. మూడు చోట్ల తిప్పాను దీన్ని. ఎవరెత్తుకున్నా గుక్కపెట్టి ఏడుస్తుంది. అలాంటిది, పది నిమిషాల్లో, చూడండి, మీ జాకెట్టు పట్టుకుని ఎలా పడుకుందో. ఆదివారం రాకపోతే ఇంక రావద్దన్నాడు షర్క్ ఆఫీసులో మా మేనేజరు. ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది. నా సంగతీ అంతే కదా?"

"నువ్వు ఇంకో చోటు చూసుకోవచ్చుగదమా."

"చూశానని చెప్తున్నాగా!"

"సరే, సరే. రేపొస్తావు గదా?"

"మా అమ్మ కూడా నా కాన్పుకి రాలేదు వెంకటేశ్వరీ. వీసా దొరకలేదు. ఇక్కడే, ఈ ఎడారిలో కన్నాను. నేను బతకలేదా?"

"నీకు మీ ఆయన పక్కన ఉండె."

"మీ అమ్మాయికీ ఉంటాడుగా."

"ఉండాడు. ఉంటే?"

"అదే. అందరికీ అన్నీ కుదరవు. మళ్ళీ ఇంకోసారి ఇస్తారులే మాఫీ."

"చిట్టెమ్మక్క గూడా ఇదే మాట అనె."

"నన్నూ ఆవిడనీ ఒకే గాటన కట్టెయ్యకు. ఆవిడ చూసినట్టు నేను చూస్తానా నిన్ను? శుక్రవారం సెలవిమ్మని నేనే చెప్తాను. నీకు వేరే చాప తెస్తాను, మంచి దుప్పటి తెస్తాను. రోజూ పాప బాక్సుతో పాటు నీకూ ఒక బాక్సు. వేడివేడిగా."

"నాకు దుప్పటొద్దు మామా."

"ఏడవకు."

"రేపొక్క పూట మామా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"మెల్లగా. పాప లేస్తుంది."

"తాళం తీస్తాంది. చిట్టెమ్మక్క వచ్చేసె. మామా, చెప్పు, వస్తావా రావా?"

"కళ్ళు తుడుచుకో."

"ఏవమ్మాయ్ సత్యదుర్గా, ఆలిస్యం సేసేశానా? ఆ కింద బకాలా కొట్టోడు కబుర్లెట్టుకుంటే వదల్డు. ఏవే ఎంకటేశ్వరీ, ఆ మొకవేంటి? పిల్లలకి మందెట్టే టైమవుతుంటే గుడ్లప్పగించి నిలబడతావేంటే? సూడమ్మాయ్, మన అమలాపురం పిల్లవి, నా దగ్గర మొగవాటపడకు. నచ్చకపోతే నచ్చలేదని సెప్పెయ్."

"బాగుందండి పిన్నిగారూ. ఆదివారం నుంచి తెస్తాను."

"హమ్మయ్య! వచ్చినోళ్ళంతా ఏదోటి వంకెట్టి పోవడవే. మరి నీకేం నచ్చిందేంటి?"

"ఈ వెంకటేశ్వరే నచ్చిందండి. జోషిత అప్పుడే అలవాటు పడిపోయింది. ఒక్కటే నా భయం. ఆయాలు మారిపోతే పిల్లలు బెంగెట్టేసుకుంటారు."

"ఇదెక్కడికెల్లిపోద్దమ్మాయ్? పద్నాలుగు నెలల్నుంచి గుమ్మం దాటలేదు."

"మామా, వద్దు మామా."

"నువ్వూరుకోవే, పెద్దోళ్ళు మాటాడుకుంటుంటే. ఏంటమ్మాయ్, ఏదో సెప్పబోతన్నావు?"

"ఏం లేదండి. గురువారం దాటేదాకా, పిల్లలొచ్చే టైములో ఆ తలుపు దగ్గర మీరే ఉండండి పిన్నిగారూ."