పెళ్లి కప్పులు

కైరో శివారులో కొత్తగా వెలసిన కాలనీ. రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, చెప్పులైనా విప్పకుండా కూతురి ఎదుట కూర్చుంది.

"పెళ్లికి నేను కొనిచ్చిన కప్పులు వాచ్‌మన్ పెళ్లానికి ఇచ్చేశావటగా! నీ మొగుడు హాజిం ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు."

"ఏడవనీ. పదకొండేళ్లలో ఆయనగారికి ఏడుపు రావడం ఇదే మొదలు."

"అవి అద్దాల బీరువాలో ఉండాల్సినవే. తాగడానికా?"

"మరి దేనికి? వారం వారం దుమ్ము తుడిచింది నేను. ఒక్కసారి వాటిలో టీ తాగుతానంటే, అతిథులకన్నాడు. ఆ అతిథులెవరో ఇంతవరకూ రానేలేదు."

"ఏ ఇంట్లోనైనా అంతే. నావి ముప్పై ఎనిమిదేళ్లుగా అలాగే ఉన్నాయి."

"చూశాను. వాటితో పాటు నువ్వూ అలాగే ఉన్నావు."

"నోర్మూసుకో. తిండి పెడుతున్నాడు, కొట్టడు, తిట్టడు. ఇంకేం కావాలే నీకు?"

"పొద్దున లేచి, ఇవాళ ఏం చెయ్యాలో నేనే అనుకోవాలి. అంతే. హెల్వాన్‌లో గది చూసుకున్నాను. రేపట్నించి అక్కడే."

"గదేమిటే? మొగుణ్ణి వదిలేసా?"

"గుమ్మం దగ్గర పెట్టె కనపడలేదా? నిన్న ఆ బీరువా ముందే కూర్చుని సర్దాను. నీ అల్లుడొచ్చి, పెట్టెని కాలితో పక్కకి జరిపి, బీరువా తలుపు తీసి, 'కప్పులేవీ?' అన్నాడు. పెట్టె ఎందుకని అడగలేదమ్మా."

తల్లి చాలాసేపు పెట్టె వైపు చూసింది. తర్వాత బీరువా వైపు చూసింది.

"సాసర్లైనా ఉంచావా?"