సాగనంపిన దేవుణ్ణి మళ్ళీ పిలవమంటే

హలో… ఆ, నేనేలే అన్నయ్యా. బస్సులో ఉన్నా, కాస్త గట్టిగా మాట్లాడు…

అప్పుడే నీ చెవిలో ఊదేశాడా కాంట్రాక్టరు? ఏమంటాడు?… ఊఁ… 'మీ తమ్ముడికి తిక్క'… ఊఁ… 'పూజ మధ్యలో లేచి వెళ్ళిపోయాడు'… మధ్యలోనా? అదీ అన్నాడూ?

పూజ పూర్తయింది అన్నయ్యా. ఉద్వాసన చెప్పేశాను. స్వామిని సాగనంపి, కలశం కదిపేసి, అక్షతలు కూడా చల్లేశాను. గొడవంతా ఆ తర్వాతే…

చెప్తాను, ముందు విను. నీకు మోకాలు నొప్పని నన్ను పంపావు. నాన్న రోజుల నుంచీ పూజలన్నీ మన చేతి మీద నడుస్తున్న ఇల్లు, జాగ్రత్తగా చెయ్యమన్నావు. చేద్దామనే వెళ్ళాను. హాల్లోకి అడుగు పెడితే దేవుడి పీట కంటే ముందు లైట్లు కనబడ్డాయి… వీడియో లైట్లు. కింద కాలు పెట్టే సందు లేదు, అన్నీ వైర్లే. సోఫాలు వరండాలోకి గెంటేశారు, ఫ్రిజ్ కనబడకుండా దుప్పటి కప్పారు…

జ్ఞాపకానికి తీసుకుంటే నేనెందుకు కాదంటాను? విను మరి.

దీపం వెలిగించారు. వీడియో అతను, 'సార్, మేడమ్ చీర మీద నీడ పడింది' అన్నాడు. అంతే, కాంట్రాక్టరు వంగి… ఉఫ్ అని ఊదేశాడు… దీపాన్నే, ఇంకేమిటి? నోటితో. కేకు మీద కొవ్వొత్తి ఆర్పినట్టు. మళ్ళీ వెలిగించారు.

ఆ తర్వాత పూలు. వేసిన పూలు వేసినట్టే దేవుడి పాదాల మీంచి ఏరి, మళ్ళీ పళ్ళెంలో పోశాడు. 'ఇంకోసారి కానివ్వండి పంతులుగారూ, కెమెరాకేం తెలుస్తుంది' అని…

ఆ… వేశాను. నువ్వు అడక్కముందే చెప్తున్నా, వేశాను. నోరు మంత్రం చెప్తూనే ఉంది, చేతికి మాత్రం ఎవరో తిని వదిలేసిన కంచంలో వేలు పెట్టినట్టుంది. నీ మాట పోకూడదని వేశాను, సరేనా?

…దానికే లేచి రాలేదు. ఆ కాంట్రాక్టరు వాళ్ళమ్మగారి కోసం లేచాను…

ఆ, ఆ పెద్దావిడే. అసలు మొక్కు ఎవరిదనుకున్నావు? ఇతగాడు కట్టే మేడ మీంచి పడి, కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు ఆవిడ మొక్కుకుంది. కొడుకు లేచి నడిస్తే, మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండి పూజ చేయించుకుంటానని. తీర్థంతోనే విడుస్తానని. నాకు ఆవిడే చెప్పింది, నేను కలశానికి దారం చుడుతుంటే… గొంతు బయటికి రావట్లేదు, సైగలతోనే సగం చెప్పింది. కొడుకు అటూ ఇటూ నడుస్తుంటే ఆ కాలు వంకే చూసి మురిసిపోతోంది, పిచ్చి తల్లి.

తెల్లారకముందు కూర్చున్న మనిషి పీట మీంచి లేవలేదు. సాయంత్రమైంది. మనం అనుకున్న వేళకి ఎప్పుడో అయిపోవాలి. ఒకసారి పట్టుబట్ట సర్దాలంటారు, ఒకసారి పక్కింట్లో మిక్సీ ఆగాలంటారు, ఒకసారి కోడలి గాజుల చప్పుడు సరిగా రాలేదంటారు…

నువ్వు నవ్వుతున్నావా? నవ్వకు. ఇది విను. ఆవిడ పెదాలు పగిలి తెల్లగా అయిపోయాయి. అది చూసి ఆ వీడియో అతను ఏమన్నాడో తెలుసా?… 'పెద్దమ్మగారి మొహం బాగా వస్తోంది సార్, నీరసం చాలా సహజంగా ఉంది' అన్నాడు.

…అవును. ఆ మాటే. కోడలు వచ్చి, 'అత్తయ్యా, అలాగే ఉండండి, కదలకండి' అంది. నాకు అసహ్యం వేసింది అన్నయ్యా. మనుషుల మీద అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

సరే, ఉద్వాసన అయింది. తీర్థం ఇచ్చాను. ఆవిడ చెయ్యి చాపింది, పోశాను. నోటిదాకా తీసుకెళ్ళింది… 'అమ్మా, తాగకు' అని కొడుకు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. కెమెరాలో కార్డు నిండిపోయిందట. చివర్దంతా ఎక్కలేదట. 'పంతులుగారూ, దేవుణ్ణి మళ్ళీ పిలవండి, మొదట్నుంచీ చేద్దాం' అన్నాడు. ఎవరో గుమ్మం దాకా వెళ్ళిన చుట్టాన్ని కాఫీకి వెనక్కి పిలిచినట్టు.

ఆవిడ చెయ్యి అతను అలాగే పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి తీర్థం కారిపోతోంది, ఆవిడ చూస్తోంది. విదిలించుకోలేదు అన్నయ్యా. కొడుకు బాధపడతాడని.

అప్పుడు నేను… ఆ, తోశాను. అతని చెయ్యి తోసేశాను. నిజమే. రాగిచెంబెత్తి ఆవిడ దోసిట్లో మళ్ళీ తీర్థం పోశాను. ముందు కొడుకు మొహం చూసింది. తర్వాత తాగింది. 'మొక్కు తీరింది, వెళ్ళి అన్నం తినండమ్మా' అన్నాను. సంచి తీసుకుని వచ్చేశాను. ఇదీ నా తిక్క.

…

క్షమాపణ నేను చెప్పను. ఇల్లు పోతే పోతుంది… నాన్న ఉంటే? నాన్న ఉంటే ఆ దీపం ఊదినప్పుడే లేచి వచ్చేవాడు. నాకు అంత ధైర్యం లేక సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఏమిటీ?… మళ్ళీ చెప్పు, సరిగా వినబడలేదు…

నువ్వు వెళ్తున్నావా? ఆ ఇంటికా?… కారు పంపాడా. మోకాలు నొప్పి తగ్గిందన్నమాట… 

అన్నయ్యా, స్వామిని పంపించేశాం. పిలవడానికి ఎవరున్నారక్కడ? ఎవరికి చెప్తావు మంత్రం, వీడియో అతనికా?… 'తృప్తి కోసం'… ఎవరి తృప్తి?… ఊఁ… ఊఁ…

ఆగు. ఆవిడ… ఏమన్నావు? ఇంకా పీట మీదే ఉందా? అన్నం పెట్టలేదా?…

'తాగింది లెక్కలోకి రాదు'… అలా అని ఎవరు చెప్పారావిడకి?… 

నువ్వా?

నువ్వు చెప్పావా ఫోన్లో? 'నేను వచ్చేదాకా ఏమీ ముట్టకండమ్మా' అని… ఆవిడ సరేనందా… అంటుంది. పంతులుగారు చెప్తే అంటుంది. మన మాట దేవుడి మాట అనుకుంటుంది.

వద్దు, ఇంకేం చెప్పకు. ఇందాకటి నుంచీ ఆ కాంట్రాక్టరు మీద అసహ్యం నీకు మోసుకొచ్చి చెప్పుకుంటున్నాను చూడు, నన్ననాలి.

నీ కారు ఇంకా ఇంటికి రాలేదు కదా?… అయితే నేనే ముందు వెళ్తాను… పూజకి కాదు. నువ్వు చెప్పింది అబద్ధమని ఆవిడకి చెప్పడానికి. ఎదురుగా కూర్చుని అన్నం తినిపించి మరీ వస్తాను. కావాలంటే దాన్ని తీసుకోమను వీడియో.

…నీ తమ్ముణ్ణి కాకపోతే కాకపోయాను. ఫోను పెట్టేస్తున్నా.

కండక్టరు గారూ… ఆపండి, ఇక్కడే దిగిపోతాను.