చూసినవాళ్లు చేతులెత్తండి

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రధానోపాధ్యాయురాలు నిర్మలాదేవి మేడం గారికి, పనులెన్నో ఉన్నా ముఖ్య అతిథిగా విచ్చేసిన నాయకులు అనిల్‌కుమార్ గారికి, ఊరి పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు, గంటన్నరగా ఈ షామియానా కింద బుద్ధిగా కూర్చున్న పిల్లలకు, ఈ రోజు రిటైరవుతూ పద్నాలుగు శాలువాలు కప్పించుకుని చెమటలు కక్కుతున్న మా సవరయ్య సార్‌కు నమస్కారం. (నవ్వులు) సార్, ఆ శాలువాలు తీసి పక్కన పెట్టేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నా పేరు ఆరాధన. ఈ బడిలోనే పదో తరగతి దాకా చదివి, ఏడాదిన్నర కిందట ఇక్కడికే తెలుగు టీచరుగా వచ్చాను. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. సార్ మంచితనం గురించి చెప్పడానికి అవి సరిపోతాయి గానీ, నేను చెప్పాలనుకున్నది సార్ వెళ్లిపోయాక ఈ బడిలో ఏం మిగలాలన్న సంగతి. కాబట్టి మేడం, కాస్త ఓపిక పట్టండి.

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్లంతా సార్ సమయపాలన గురించి, ఎర్రుపాలెం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోవడం గురించి, ఆయన చేతి రాత గురించి చెప్పారు. అందరికీ తెలిసి కూడా ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. బయటి నుంచి వచ్చిన పెద్దల కోసం చెబుతాను. అన్ని బళ్లలో లాగే ఇక్కడా ప్రేయర్‌లో ప్రతిజ్ఞ అయ్యాక ఒక విద్యార్థి పేపరు పట్టుకుని వార్తలు చదువుతాడు. మా బడిలో మాత్రం చుట్టుపక్కల ఊళ్ల వార్త ఏదైనా చదివితే, వెంటనే సార్ ఒక మాట అడిగేవారు. "చూసినోళ్లు చేతులెత్తుండ్రి." అంతే. ఎన్ని చేతులు లేచాయో నోటీసు బోర్డు మీద ఆ వార్త పక్కన సుద్దముక్కతో రాసేవారు.

ఇది మొదలైంది నా వల్లే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, గొంతు గట్టిదని సార్ నన్ను వార్తలు చదవడానికి పెట్టారు. ఒక ఆగస్టు ఉదయం, వాగు అవతలి గుంపుకు, అదే ఆ గూడేనికి, వంతెన పూర్తయిందనీ, గిరిజనుల కష్టాలు తీరిపోయాయనీ జిల్లా పేజీలో పడితే, టీవీలో వార్తలు చదివే అక్కల్లాగా మెడ నిలబెట్టి చదివాను. ఆఖరి వరుసలో నవ్వులు మొదలయ్యాయి. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను, ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. అక్కడ మా క్లాసు ముత్తక్క నిలబడి ఉంది, ఆ గుంపు పిల్లే, నడుము దాకా తడిసిన బట్టలతో, పుస్తకాల సంచి ఇంకా నెత్తి మీద నుంచి దించకుండా. "గా బ్రిడ్జి యాడుందో నాగ్గూడ చూపియ్యవే, రేపటి సంది దాని మీదికెల్లే వస్త" అంది. (నవ్వులు) అదిగో, మూడో వరుసలో కూర్చుని ఇప్పుడు కూడా నవ్వుతోంది. ఈవిడే ఇప్పుడు దవాఖానాలో స్టాఫ్ నర్సు.

సార్ మాత్రం నవ్వలేదు. పేపరు నా చేతిలోంచి తీసుకుని, "ఆరాధనది తప్పు గాదు, ముత్తక్కది తప్పు గాదు. రేపటి సంది చదివినంక ఒక మాట అడుగుదాం" అన్నారు. నాలుగేళ్లకు ఆ వంతెన నిజంగానే వచ్చింది.

పిల్లలూ, ఇక్కడి నుంచి నా తప్పు చెబుతాను, జాగ్రత్తగా వినండి. ఆ వంతెన వార్త నా మనసులో గట్టిగా పడిపోయింది. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఒక ఎన్నికల సభకు స్నేహితులతో వెళ్లాను. సాయంత్రం చూస్తే ఒక ఛానెల్లో ఇసుక వేస్తే రాలని జనం, ఇంకో ఛానెల్లో ఖాళీ కుర్చీలు. రెండూ నిజమే, నేను అక్కడే ఉన్నాను. భోజనాలకు ముందు తీసింది ఒకటి, తర్వాత తీసింది ఒకటి. (నవ్వులు) ఆ సభలో కన్నీళ్లు పెట్టుకున్న నాయకుడు మూడు నెలలకే కండువా మార్చి, అవే కన్నీళ్లు అవతలి వేదిక మీద పెట్టుకున్నాడు. అనిల్‌కుమార్ గారూ, మీ గురించి కాదు, కంగారు పడకండి. (నవ్వులు) ఇక నాకు పేపరు చూస్తే నవ్వు, టీవీ చూస్తే నవ్వు, ఓటు వేయడమంటే ఇంకా నవ్వు. ఎవరేం చెప్పినా "అంతా ఉత్తదే" అనేదాన్ని. తెలివైన దాన్నని అనుకున్నాను.

ఆ తర్వాత బీఈడీలో ఉండగా, రెండు వేల ఇరవై రెండు జూలైలో గోదావరి వచ్చింది. మా అమ్మమ్మ విశ్రాంతమ్మది గోదావరి ఒడ్డు ఊరు. ఫోన్ చేసింది. "ఏమే, ఊరు ఖాళీ చెయ్యమని టీవీల చెప్తుండ్రు, ఆటోల మైకు పెట్టి తిరుగుతుండ్రు. పోవాల్నా?" అని అడిగింది. చదువుకున్న మనవరాలిని కదా, నా మాటంటే ఆమెకు వేదవాక్కు. "ఏడాదికోసారి గట్లనే భయపెడతరు అమ్మమ్మా, వాళ్లకేం పని లేదు, ఇంట్లనే ఉండు" అన్నాను. ఖమ్మంలో హాస్టల్ మంచం మీద పడుకుని అన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆమెను చర్చి మెట్ల మీద నుంచి పడవలో తీసుకొచ్చారు. బర్రెలు రెండూ కట్టుతాళ్లతోనే పోయాయి. నా మాట నమ్మి ఆమె వాటిని విప్పలేదు.

(నీళ్ల గ్లాసు అందుకుని)

క్షమించండి. అమ్మమ్మ కూడా ఇక్కడికి వచ్చింది. ఈ సంగతి నలుగురిలో చెబుతానని ఆమెకు చెప్పలేదు.

నేను పునరావాస కేంద్రానికి పరుగెత్తితే అక్కడ డ్యూటీలో సవరయ్య సార్ ఉన్నారు, అన్నం గిన్నె దగ్గర గరిటె పట్టుకుని. ఏడుస్తూ జరిగింది చెప్పాను. తిట్టలేదు. "గోదారిని చూసినవా?" అని అడిగారు. లేదన్నాను. "మరి నువ్వు ఖమ్మంల కూసోని కాదన్నవు. నేను మీకు నమ్మకుర్రి అని నేర్పిన్నా? చూడుర్రి అని నేర్పిన. చూడకుండ నమ్మినోడు, చూడకుండ కాదన్నోడు, ఇద్దరూ ఇంట్ల కూసున్నోళ్లే బిడ్డా" అన్నారు. ఆ మాటతోనే నేను టీచరునయ్యాను.

ఇప్పుడు అసలు సంగతి. గత నవంబరులో మన బడిలో అనిల్‌కుమార్ గారి చేతుల మీదుగా మంచినీటి ప్లాంటు ప్రారంభమైందని పేపర్లో వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి చదివింది, సార్ అడిగారు, మూడు వందల మందిలో ఒక్క చెయ్యి లేవలేదు. ఎవరో ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పెట్టారు, అది మండలమంతా తిరిగింది. అనిల్‌కుమార్ గారి మనసుకు కష్టం కలిగింది, అది సహజం. డిసెంబరులో ప్లాంటు నిజంగానే వచ్చింది, ఆయనే తెప్పించారు, ఆ నీళ్లే ఇప్పుడు తాగుతున్నాం. ఆ రోజు సార్ మళ్లీ అడిగితే మూడు వందల చేతులూ లేచాయి. అది మాత్రం ఎవరూ వీడియో తీయలేదు. (నవ్వులు, చప్పట్లు)

అయినా ఆ ప్రశ్న ఇక అడగొద్దని మేడం సార్‌తో అన్నారు. మేడం, మీ మీద ఎన్ని వైపుల నుంచి ఒత్తిడి ఉందో నాకు తెలుసు, మిమ్మల్ని తప్పు పట్టను. నాకు కోపం సార్ మీద. అవును సార్, మీ మీదే. పన్నెండేళ్లు అడిగిన మనిషి, రిటైర్‌మెంటుకు రెండు నెలల ముందు తలూపారు. మీ పెన్షన్ కాగితాలు కదలాలని మీకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే అప్పుడు నోరు మూసుకున్నాను. ఈ రోజుతో మీ కాగితాలన్నీ అయిపోయాయి.

చివరిగా, ఇది ఈ రోజు పేపరు. జిల్లా పేజీలో కింద కుడి వైపున 'ఘనంగా సవరయ్యకు వీడ్కోలు' అని ఉంది. మన సభ మొదలైంది పదకొండు గంటలకు, ఈ పేపరు ఊళ్లోకి వచ్చింది పొద్దున ఆరున్నరకు. (నవ్వులు) విలేకరి రామ్‌చందర్ అన్నా, మిమ్మల్ని అనడం లేదు. నిన్న సాయంత్రమే ప్రెస్ నోట్ చేతికిస్తే మీరు మాత్రం ఏం చేస్తారు? ఇందులో నేను కూడా మాట్లాడేశాను, చదువుతాను. 'ఉపాధ్యాయురాలు ఆరాధన మాట్లాడుతూ, నాయకుల చలవతోనే పాఠశాల ఈ స్థాయికి చేరిందని, ఇకపై ప్రార్థన సమయంలో అనవసర ప్రశ్నలకు తావుండదని అన్నారు.'

ఈ మాట నేను అనగా విన్నవాళ్లు చేతులెత్తండి.

(ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత పిల్లల వైపు నుంచి చప్పట్లు)

రామ్‌చందర్ అన్నా, రేపు ఇది రాస్తే సంతోషం. రాయకపోతే మా నోటీసు బోర్డు మీద ఉంటుంది. మేడం, సోమవారం ప్రేయర్ డ్యూటీ నాది. పేపరు నేను తెస్తాను, ప్రశ్న నేను అడుగుతాను. మెమో ఇస్తే సంతకం పెట్టి తీసుకుంటాను, మంగళవారం మళ్లీ అడుగుతాను.

ఇంతసేపు విన్న పెద్దలకు, వినక తప్పని మేడం గారికి, లేచి వెళ్లిపోకుండా కూర్చున్న అనిల్‌కుమార్ గారికి, నన్ను క్షమించి ఇంత దూరం వచ్చిన మా అమ్మమ్మకు నా కృతజ్ఞతలు. సార్, ఇలాంటి వేదికల మీద చాలామంది చాలా మాటలిస్తారు. నేనిచ్చిన మాట కూడా మీరు నమ్మొద్దు. సోమవారం తొమ్మిదింటికి గేటు దగ్గరికి వచ్చి చూడండి. సెలవు.