చూపుడు వేలు

తార్నాక, యూనివర్సిటీ క్వార్టర్స్ వరండా. అన్న గిటారు చెల్లెలి ఒళ్ళో ఉంది. బస్సు కిటికీ మీద పెట్టిన అతని ఎడమ చేతిని రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ రాసుకుంటే, మొన్న ఎండాకాలం డాక్టర్లు మోచేతి దాకా తీసేశారు.

"ఎఫ్ కార్డుకి తీగలన్నీ అందట్లేదు అన్నయ్యా. నా చెయ్యి మరీ చిన్నది."

"చిన్నదో పెద్దదో, ఉంది కదా."

ఆమె తల దించుకుంది.

"పరేషాన్ అవ్వకు. బొటనవేలు పైకి రానీకుండా గిటారు మెడ వెనక మధ్యలో ఆనించు. వేళ్ళు వాటంతటవే సాగుతాయి."

"సాగట్లేదు."

"క్యాపో క్లిప్పు మూడో ఫ్రెట్ మెట్టు దగ్గర బిగించు. అక్కణ్ణించి ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి."

"ఆదివారం చర్చిలో వేరేవాళ్ళు వాయిస్తారులే."

"ఈ గిటారే మోగాలి."

"అయితే నువ్వూ వస్తావా?"

"రాను. పాట వినరు, నా చొక్కా చెయ్యి చూస్తారు."

ఆమె క్యాపో బిగించి, మళ్ళీ నొక్కి మీటింది. ఈసారి ఆరు తీగలూ పలికాయి. అతను కళ్ళు మూసుకున్నాడు.

"వేళ్ళు మండిపోతున్నాయి అన్నయ్యా."

"ఏ వేలు ఎక్కువ?"

"చూపుడు వేలు."

అతను ఖాళీగా వేలాడుతున్న చొక్కా చేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"పొద్దుట్నుంచీ నాకూ అదే వేలు."