బ్రేక్ పైపుల బుడగ

రాంగోపాల్‌పేట్ షెడ్డులో మెకానిక్ దస్తగిరి, స్కూల్ వ్యాన్ తాళంచెవిని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. నిన్న తాను బ్రేకులు బాగుచేసిచ్చిన బండే మళ్ళీ తిరిగొచ్చింది.

“బ్రేక్ తొక్కితే దూది మీద కాలేసినట్టుంది, అంతే గద. బ్రేక్ ఆయిల్ నిండుగనే ఉంది. తాళమియ్యి భాయ్, స్కూల్ విడిచే టైమైంది,” అన్నాడు డ్రైవర్ రాజేందర్.

“ఇయ్యను. పైపుల గాలి బుడగ ఉంది.”

“గింత బుడగకు ఏమైతది?”

“ఆయిల్‌ని ఎంత నొక్కినా అణగదు, ఆ జోరు సీదా చక్రం దాకా పోతది. గాలైతే అణిగి ఊకుంటది. బండి ఆగదు.”

“నిన్న నువ్వే జేసినవ్ గద!”

“ఔ. ఆయిల్ పోసిన, గాలి తీసుడు మరిచిన.”

రాజేందర్ తాళం కోసం చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. “పొద్దుగాల పద్నాలుగు మంది పిల్లల్ని ఇందులనే తీస్కపోయిన.”

“ఎరుకే. ముందు సీట్ల కూసున్నది నా మనవరాలే.”