అమ్మ కట్టు

హలో… ఆ, నేనే, వనజక్కనే. అమ్మ కాదులే, భయపడబాక.

వచ్చింది వీడియో. నిన్న మీ ఆఫీసులో ట్రెడిషనల్ డే కదా… చూసినా. అందరూ పట్టుచీరలు. నువ్వొక్కదానివే అమ్మ నేతచీర, కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపి… అచ్చం అమ్మ చేపల గంప దించి వచ్చినట్టే ఉండావు మే.

ప్రైజు కూడా ఇచ్చినారుగా. ఫ్యాన్సీ డ్రెస్సులో ఫస్టు.

…ఎగతాళి కాదు. నా గొంతే అంత.

…వాళ్ళు వేషమనుకున్నారు, సరే. మీ మేనేజరు మైకిచ్చి అడిగినాడు కదా, ఎవరిదమ్మా ఈ వేషం అని. నువ్వేమన్నావు?

…

విన్నాలే. నీ నోట వినాలని.

…

'మా ఊళ్ళో చేపలమ్మే ఆమె ఒకామె.'

ఊఁ. ఒకామె.

…అంతమంది నవ్వుతా ఉంటే 'మా అమ్మ' అని చెప్పలేకపోయినావా… తెలుసు సుప్రియా. నా పెళ్ళిచూపుల్లో 'మీ అమ్మ ఏం చేస్తుంది' అంటే 'వ్యాపారం' అన్నా. బీకాం చదివినదాన్ని, మాట దొరికింది. నీకు అదీ దొరకలేదు.

ఏడవబాక… ముక్కు తుడుచుకో ముందు.

…అమ్మకి చూపించొద్దా?

మొన్న గంటసేపు వీడియో కాల్లో నీకు కట్టు నేర్పింది ఆమే కదా. నిన్న సాయంత్రం నుంచి నా ఫోను వదలలా. ఇంక నేను దాచేదెక్కడ?

…ఆ. చూసింది.

…మళ్ళీ పెట్టమనింది. పెట్టినా.

…ఉండు, చెప్తున్నా గదా.

మూడోసారి, సౌండు తీసేసి పెట్టమనింది.

…

హలో… ఉండావా?

…అట్టే చూసి, 'కట్టు బాగా కుదిరింది పిల్లకి' అనింది. అంతే. లేచి వాకిట్లోకి పోయింది.

…ఇప్పుడా? ఏం మాట్లాడతావు?

…సరే, ఉండు… అమ్మా, సుప్రియ. నీతో మాట్లాడాలంట… ఇదుగో, పట్టుకో… ఎందుకు?

…సుప్రియా… చేతులు నీచు వాసనంట. ఫోను పట్టుకోనంటా ఉంది.

…లేదు మే. పొద్దుట్నుంచి చేప ముట్టనే లేదు ఆమె.

…సుప్రియా… హలో… హలో…

ఏం లేదమ్మా. సిగ్నల్ పోయింది.